పాత కారును తుక్కుకి ఇచ్చే ముందు: విలువైన బండి చేజారకుండా స్క్రాపేజీ పథకాన్ని వాడుకోవడం ఎలా?

మా బాబాయి 1997 మోడల్ జిప్సీని పాత ఇనుము వ్యాపారి లారీ ఎక్కించిన రోజు నేను పక్కనే ఉన్నాను. టైర్లలో గాలి లేదు. బానెట్ మీద గన్నేరు పూలు రాలి ఉన్నాయి. "పదిహేనేళ్లు దాటిన బండి ఇంక తుక్కేనట కదరా" అన్నాడు బాబాయి. నేనూ తలూపాను. ఆ మోడల్ జిప్సీ కోసం ఎంతమంది వెతుక్కుంటున్నారో కొన్ని నెలల తర్వాత గానీ మాకు తెలియలేదు. ఆ బాధ చల్లారకముందే ఇంకోటి వచ్చిపడింది. తుక్కయిపోయిందనుకున్న బండి నంబరు మీద బాబాయి ఫోన్‌కి చలాన్ వచ్చింది. బండే ఎక్కడో తిరుగుతోందో, దాని నంబరు ప్లేటు ఇంకో బండికి తగిలించారో ఇప్పటికీ తెలియదు.

అప్పట్నుంచి తెలిసినవాళ్లెవరైనా "పాత కారు స్క్రాప్‌కి ఇచ్చేద్దామనుకుంటున్నా" అంటే ఒక్క వారం ఆగమంటున్నాను. ఆ వారంలో ఏమేం చూసుకోవాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. పాత బండిని తుక్కుకి ఇస్తే రాయితీలిచ్చే ప్రభుత్వ స్క్రాపేజీ పథకం చెడ్డదేమీ కాదు. పొగలు కక్కుతూ, బ్రేకులు పడక, తుప్పు తినేసిన బండ్లు రోడ్డు మీద నుంచి పోవాల్సిందే. అయితే ఆ పథకం లెక్కలో మీ కారు ఇంత బరువున్న ఇనుము, అంతే. అందులో కారుగా ఇంకా ఎంత విలువ మిగిలిందో చూసుకోవాల్సింది మీరే. స్క్రాప్ కేంద్రం ఆ పని చేయదు, చేయాల్సిన బాధ్యత కూడా దానికి లేదు.

వేరే దేశాల్లో ఏం జరిగింది

2009లో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు చాలా దేశాలు ఇలాంటి పథకాలు పెట్టాయి. జర్మనీలో తొమ్మిదేళ్లు దాటిన కారును తుక్కుకి ఇచ్చి కొత్తది కొంటే 2,500 యూరోలు ఇచ్చారు. బ్రిటన్‌లో పదేళ్లు దాటిన కారుకి 2,000 పౌండ్లు, అందులో సగం ప్రభుత్వం, సగం కంపెనీ. అమెరికాలో 3,500 లేదా 4,500 డాలర్లు. పాత కారు విలువ ఎంతైనా సరే, ఇచ్చే మొత్తం అంతే. చిక్కంతా అక్కడే వచ్చింది. బ్రిటన్‌లో తుక్కయిన బండ్లలో పాత మినీలు, మోరిస్ మైనర్లు కూడా ఉన్నాయి. వాటిని బాగుచేసి అపురూపంగా చూసుకునేవాళ్లు ఆ దేశం నిండా ఉన్నా అలా జరిగింది.

అమెరికాలో 25 ఏళ్లు దాటిన కార్లను పథకంలోకి రానివ్వలేదు. అందువల్ల క్లాసిక్ బండ్లు కొంత వరకు బతికాయి. మిగతావాటి ఇంజిన్లు మాత్రం మళ్లీ వాడకుండా చంపేశారు. ఆయిల్ తీసేసి, దాని బదులు సోడియం సిలికేట్ ద్రావణం పోసి, ఇంజిన్ బిగుసుకుపోయేదాకా నడిపారు. అలా చంపిన ఇంజిన్‌ను ఎవరు బతికిస్తారు?

 మన పథకమూ వాటిలాగే స్వచ్ఛందం. 2021 మార్చిలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ లోక్‌సభలో వివరాలు చెప్పారు, ఆగస్టు 13న ప్రధాని ప్రారంభించారు, సెప్టెంబరులో స్క్రాపింగ్ కేంద్రాల నిబంధనలు వచ్చాయి. బలవంతం లేదు కాబట్టి నిర్ణయం మీ చేతిలో ఉంది. తొందరపడాల్సిన పని లేదు.

మొదటి మెట్టు: పదిహేనేళ్ల భయం వదిలించుకోండి

ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు. బ్రోకర్లు కూడా ఈ భయాన్ని బాగా వాడుకుంటారు. "సార్, ఇంక మూడు నెలల్లో మీ బండి టైమ్ అయిపోతుంది, తర్వాత రూపాయి కూడా రాదు" అని ఒకడు ఫోన్ చేస్తే టెన్షన్ పడిపోయి వచ్చిన రేటుకి ఇచ్చేస్తాం.

అసలు సంగతి ఏమిటంటే, సొంత వాడకం కారుకి ఆర్సీ 15 ఏళ్లకు ఇస్తారు. ఆ తర్వాత బండి కండిషన్ బాగుంటే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. దానికి ఫారం 25. గడువుకి 60 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు రెన్యువల్ ఫీజు రూ.600 నుంచి రూ.5,000 అయింది, దిగుమతి చేసుకున్న కారుకైతే రూ.40,000. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని రూ.10,000 చేశారు, దిగుమతి కార్లకు రూ.80,000. గడువు దాటితే నెలకు రూ.500 అదనం. ఫీజులు తరచూ మారుతున్నాయి కాబట్టి కట్టే రోజున కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ అయిన పరివాహన్ పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి.

ఢిల్లీ సంగతి వేరు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద హరిత ట్రిబ్యునల్ ఆదేశాలు వచ్చాయి. 2018లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. తర్వాత కూడా కోర్టులో మార్పులు జరుగుతూ వచ్చాయి. ఢిల్లీ వార్త చూసి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కారు అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు. ఆ వార్త వాళ్లది కాదు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ నుంచి రెన్యువల్ ఆపేశారు. అది కూడా మీ సొంత కారుకి వర్తించదు.

రెండో మెట్టు: మీ దగ్గరున్నది ఏ బండో సరిగ్గా తెలుసుకోండి

ఇదేం మాట, నా కారు నాకు తెలియదా అనకండి. "ఎస్టీమ్" అని తెలుసు. ఏ వేరియంటో, ఏ ఏడాది ఏ నెలలో తయారైందో, ఇంజిన్ అసలుదేనో కాదో చాలామందికి తెలియదు. పాత బండి విలువంతా ఆ వివరాల్లోనే ఉంటుంది.

ఆర్సీ ముందు పెట్టుకుని కూర్చోండి. తయారీ నెల, ఏడాది, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఎన్నో ఓనరో, ఫైనాన్స్ ఎంట్రీ (లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు) ఉందో లేదో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత బానెట్ ఎత్తి, గుడ్డముక్కతో మసి తుడిచి, ఛాసిస్ నంబరు కొట్టిన చోటు వెతకండి. దాని మీద పల్చటి తెల్లకాగితం అదిమిపెట్టి పెన్సిల్‌ని పడుకోబెట్టి రుద్దితే ఒక్కో అంకే తెల్లగా తేలుతుంది. ఆర్టీవో ఆఫీసు దగ్గర ఏజెంట్లు తీసే ఛాసిస్ ప్రింట్ ఇదే. ఇంజిన్ నంబరుకీ ఇలాగే చేయండి. రెండూ ఆర్సీతో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి.

ఒకసారి మా పక్కింటాయన ప్రీమియర్ పద్మినికి నేనే ఈ ప్రింట్ తీశాను. ఛాసిస్ సరిపోయింది. ఇంజిన్ మాత్రం ఎప్పుడో డీజిల్‌ది పెట్టించారు, ఆర్సీలో ఆ మార్పు ఎక్కించలేదు. ఆయన వాళ్ల నాన్నగారి కాలంలో జరిగిన పని అది. అలాంటి బండిని మోజుపడి కొనేవాడు వెనకాడతాడు, స్క్రాప్ కేంద్రంలోనూ ప్రశ్న వస్తుంది. ముందే తెలిసింది కాబట్టి ఆర్టీవోలో సరిచేయించుకున్నాడు.

ఇంక ఏ బండ్లకు గిరాకీ ఉంటుంది? తయారీ ఆగిపోయినా పేరు చెరగని వాటికి. అంబాసిడర్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో ఆగింది. పద్మిని 2000 ప్రాంతంలో ఆగింది. మారుతీ 800 మన దేశంలో 1983లో మొదలై 2014 జనవరిలో ఆగింది. కాంటెస్సా, జిప్సీ, పాత టాటా సియెర్రా, మహీంద్రా జీపులు, మొదటి తరం హోండా సిటీ వీటెక్, లాన్సర్, పజెరో, ఫియట్ పాలియో 1.6, ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటివాటిని మోజుపడి కొనేవాళ్లు ఉంటారు. వాటికి ధర మైలేజీని బట్టి కాదు, బండి ఎంత చెక్కుచెదరకుండా ఉందన్నదాన్ని బట్టి పలుకుతుంది. ఇంకో రకం ఉంది: మోజుతో పని లేకుండా పనికోసమే కొనేవి. క్వాలిస్ చూడండి. 2005లో ఆగిపోయింది. అయినా పల్లెల్లో ఇప్పటికీ దాన్ని వదులుకోరు. పాత ఇన్నోవాలూ అంతే. ఇలాంటి బండిని తూకానికి ఇవ్వడమంటే నాకు నిజంగా మనసొప్పదు.

కండిషన్ చూసేటప్పుడు పెయింట్ మెరుపు చూసి సంబరపడొద్దు, గీతలు చూసి దిగులుపడొద్దు. తుప్పు చూడండి. డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్, దాని కింద కార్పెట్ ఎత్తి వేలితో నొక్కి చూడండి. బ్యాటరీ ట్రే కింద, డోర్ల కింది అంచుల్లో, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంతలో టార్చి వేసి చూడండి. పైన పొరలా ఉన్న తుప్పు టింకరింగ్‌తో పోతుంది. నొక్కితే రేకు లోపలికి పోతుంటే, ఛాసిస్ మెంబర్లు తినేసి ఉంటే, ఆ బండిని బాగుచేయడం చాలా ఖర్చు. నమ్మకమైన మెకానిక్ చేత లిఫ్ట్ మీద పెట్టించి కింది నుంచి ఒకసారి చూపించండి. ఆ పావుగంటతో సగం నిర్ణయం తేలిపోతుంది.

ఇంట్లో అటక మీద ఉన్న కాగితాలు కూడా దించండి. మొదటి ఇన్‌వాయిస్, సర్వీస్ బుక్, రెండో తాళం, బండితో దిగిన పాత ఫొటోలు, అన్నీ. మొట్టమొదటి మారుతీ 800 తాళాలను 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ ఒక ఢిల్లీ వాసికి అందించారు. ఆయన దాన్ని చివరి దాకా అమ్మలేదు. ఆయన పోయాక అది ఇంటి బయట తుప్పు పట్టిపోతుంటే తర్వాత బాగుచేసి కంపెనీ ప్రధాన కార్యాలయంలో పెట్టారు. అందరి బండీ అంత ప్రసిద్ధం కాదు. కానీ ఒకే ఓనరు, మొదటి నుంచీ కాగితాలున్న కారుకి, అవేవీ లేని అదే మోడల్ కారుకి ధరలో చాలా తేడా ఉంటుంది.

మూడో మెట్టు: బయట ధర కనుక్కోండి

ఒక్కరిని అడిగి వదిలేయొద్దు. కనీసం నాలుగు చోట్ల అడగండి: ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ కార్లు కొనే సంస్థ ఒకటి, మీ ఊళ్లో పాత కార్ల షోరూమ్ ఒకటి, ఆ మోడల్ బండ్లే బాగుచేసే మెకానిక్, ఆ మోడల్ అభిమానుల గ్రూపు. మొదటి రెండూ రోజూ నడిపే కారుగా ధర కడతాయి, పాత మోడల్ అయితే చాలా తక్కువ చెబుతాయి, కొన్నిసార్లు అసలు వద్దంటాయి. దాంతో బండికి విలువ లేదని అనుకోవద్దు. చివరి ఇద్దరి దగ్గరే అసలు కబురు తెలుస్తుంది.

అమ్మకం ప్రకటనల్లో కనిపించే ధర, అడిగే ధర మాత్రమే. అమ్ముడైన ధర అంతకంటే తక్కువే ఉంటుంది. ఇంకో విషయం, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త కారు చవకైతే మామూలు పాత కారు ధర కూడా దిగుతుంది. అందుకని అంతకుముందు ఎవరో చెప్పిన ధరను పట్టుకుని కూర్చోకండి.

నాలుగో మెట్టు: పథకం నుంచి మీకు వచ్చేదెంతో లెక్క వేయండి

"స్క్రాప్ చేస్తే బోలెడు లాభాలు" అని గాలి మాటలు వింటుంటాం. కాగితం, పెన్ను తీసుకుని వేస్తే తేలే లెక్క ఇది.

మీరు కొనబోయే కొత్త కారు ఎక్స్‌షోరూమ్ ధర రూ.8 లక్షలు అనుకుందాం.

తుక్కు విలువ: కొత్త బండి ఎక్స్‌షోరూమ్ ధరలో సుమారు 4 నుంచి 6 శాతం ఉంటుందని పథకం ప్రకటించినప్పుడు కేంద్రం చెప్పింది. అంటే రూ.32,000 నుంచి రూ.48,000. నిజానికి కేంద్రాలు మీ పాత బండి బరువు, ఆ రోజు ఇనుము రేటు చూసి కడతాయి. మారుతీ 800 లాంటి బండి బరువు దాదాపు 650 కిలోలే కాబట్టి ఇంకా తక్కువ రావొచ్చు.

రోడ్డు పన్ను రాయితీ: సొంత వాహనానికి గరిష్ఠంగా 25 శాతం దాకా, రవాణా వాహనానికి 15 శాతం దాకా ఇవ్వొచ్చని కేంద్ర నిబంధన. "దాకా" అన్న మాట గమనించండి. ఎంత ఇవ్వాలో తేల్చేది రాష్ట్రం. లైఫ్ ట్యాక్స్ 12 శాతం అనుకుంటే రూ.96,000, అందులో పూర్తి 25 శాతం దొరికితే రూ.24,000.

కంపెనీ డిస్కౌంట్: 2024 ఆగస్టులో చాలా కార్ల కంపెనీలు ఎక్స్‌షోరూమ్ ధరలో 1.5 శాతం లేదా రూ.20,000, ఏది తక్కువైతే అది ఇస్తామని ముందుకొచ్చాయి. అది పరిమిత కాలానికి చెప్పిన మాట. మీరు కొనే రోజున ఉందో లేదో డీలర్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఉంటే మన ఉదాహరణలో రూ.12,000.

రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ: వినడానికి పెద్దగా అనిపిస్తుంది. కారుకి ఆ ఫీజు రూ.600. అంతే.

మొత్తం కలిపితే దాదాపు రూ.68,600 నుంచి రూ.84,600. ఇది అన్నీ కలిసొస్తే వచ్చే అంకె. కొత్త కారు కొనే ఆలోచన లేకపోతే తుక్కు డబ్బులు తప్ప చేతికి మిగిలేది పెద్దగా ఉండదు. మీ ధరలు, మీ రాష్ట్రం రాయితీ వేసుకుని ఈ లెక్క మళ్లీ చేయండి. మూడో మెట్టులో తెలిసిన ధర దీనికంటే ఎక్కువైతే స్క్రాప్ మాట అక్కడితో వదిలేయండి. దగ్గర దగ్గరగా ఉంటే, అమ్మే తిప్పలు పడే ఓపిక మీకుందా లేదా చూసుకోండి.

ఇక్కడే ఇంకో పోలిక: డీలర్ ఇచ్చే ఎక్స్‌ఛేంజ్. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చిన కారు తుక్కుకి వెళ్లాలని లేదు. డీలర్ దాన్ని ఇంకొకరికి అమ్ముకుంటాడు. కొందరు సేల్స్‌వాళ్లు "స్క్రాప్ స్కీమ్ కింద తీసుకుంటాం సార్" అని తక్కువ కట్టి, మంచి బండినైతే మళ్లీ మార్కెట్లో పెడతారు. కాబట్టి సూటిగా అడగండి: నా పేరు మీద సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (బండిని స్క్రాప్ కేంద్రానికి అప్పగించినట్టు ఇచ్చే పత్రం) వస్తుందా, లేక ఇది ఎక్స్‌ఛేంజా? మొదటిదైతే తుక్కు. రెండోదైతే మామూలు అమ్మకం, అప్పుడు దానికి మార్కెట్ ధరే కట్టాలి. ఒకే బండి మీద రెండు లాభాలూ కలిపి ఇస్తామంటే ఆ లెక్కను కాగితం మీద విడివిడిగా రాయించుకోండి. పాత కారు ధర తగ్గించి ఆ డబ్బునే "బోనస్" అని చూపించడం ఈ వ్యాపారంలో మామూలే.

ఐదో మెట్టు: అమ్మినా, ఉంచుకున్నా

అమ్మాలనుకుంటే ఫారం 29, ఫారం 30 నింపి, పేరు మారేదాకా వెంటపడండి. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు బ్రోకర్ చేతిలో పెట్టి రావొద్దు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక ప్రమాదం కేసులో తేల్చింది: బండి ఎన్ని చేతులు మారినా, ఆర్టీవో రికార్డులో ఎవరి పేరుంటే బాధ్యత వాళ్లదే. ఇంతకంటే చెప్పేదేముంది.

ఉంచుకోవాలనుకుంటే రెన్యువల్ దారి పైన చెప్పాను. బండికి 50 ఏళ్లు దాటితే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. 2021 జులైలో ఈ నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి, బండి అసలు రూపంలో, పెద్ద మార్పులు లేకుండా ఉండాలి. ఫారం 20తో దరఖాస్తు, ఫీజు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించడానికి రూ.5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత "వీఏ" అని వస్తుంది. అయితే ఆ బండిని రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి ఉండదు. ప్రదర్శన, ర్యాలీ, ఇంధనం, మరమ్మతు లాంటి పనులకే రోడ్డెక్కించాలి. తాతగారి కారు షెడ్డులో ఉన్నవాళ్లు దీన్ని తప్పకుండా ఆలోచించండి. 15కి, 50కి మధ్యనున్న బండ్లకు మాత్రం మామూలు రెన్యువల్ ఒక్కటే దారి.

ఆరో మెట్టు: స్క్రాప్‌కే అనుకుంటే ముందు కాగితాలు

అన్నీ చూశాక తుక్కే సరి అనిపించిందా, మంచిదే. నిజంగా కాలం తీరిన బండిని పద్ధతిగా పంపడం కూడా గౌరవమే.

లోన్ తీరి పదేళ్లయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆ ఎంట్రీ కొట్టేయించండి. పెండింగ్ చలాన్లు, పన్ను బకాయిలు చూసుకోండి. కొన్ని రాష్ట్రాలు తుక్కుకి ఇచ్చే బండ్ల పాత బకాయిల్లో మినహాయింపు ఇచ్చాయి కాబట్టి కట్టే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి.

బండి చనిపోయిన నాన్నగారి పేరు మీద ఉంటే ఎక్కువ ఆలస్యం అక్కడే అవుతుంది. ముందు ఫారం 31తో వారసుల్లో ఒకరి పేరుకి మార్పించాలి. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం దగ్గర పెట్టుకోండి. బండి నడవకపోయినా ఈ పని తప్పదు.

ఏడో మెట్టు: ఏది తీసుకోవచ్చు, ఏది వదలాలి

మ్యూజిక్ సిస్టమ్, సీటు కవర్లు, పైన క్యారియర్, మీరు తర్వాత వేయించిన అలాయ్ వీల్స్ విడిగా అమ్ముకుంటే ఎక్కువ వస్తుంది. కానీ ఇంజిన్, గేర్‌బాక్స్ లాంటి పెద్ద భాగాలు తీసేస్తే కేంద్రం రేటు తగ్గిస్తుంది. అందుకని బండిని ఎలా తెస్తారో చెప్పి ముందుగా రేటు మాట్లాడుకోండి. సైలెన్సర్ లైనులో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి. "ఈ డబ్బా పనికిరాదు, తీసేస్తా" అని మధ్యవర్తి ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది ఉందని చెప్పే రేటు అడగండి.

డ్యాష్‌బోర్డులో, సీట్ల కింద, సన్‌వైజర్ వెనక చేయి పెట్టి వెతకండి. గుడి కుంకుమ పొట్లాల మధ్యలో అమ్మ చేత్తో రాసిన ఫోన్ నంబర్ల చీటీ దొరికినవాళ్లు ఉన్నారు. ఫాస్టాగ్ ఊడదీసి, ఖాతా మూయించి, అందులో మిగిలిన డబ్బు, డిపాజిట్ వెనక్కి తీసుకోండి.

ఎనిమిదో మెట్టు: కేంద్రంలో

పాత ఇనుము కొట్టుకి కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వాలి. జాబితా పరివాహన్ పోర్టల్‌లో ఉంటుంది. రెండు మూడు కేంద్రాలకు ఫోన్ చేసి రేటు పోల్చండి. బండిని తీసుకెళ్లే ఖర్చు ఎవరిదో ఫోన్‌లోనే తేల్చుకోండి, లేకపోతే చివర్లో టోయింగ్ డబ్బులు కోస్తారు.

ఒరిజినల్ ఆర్సీ, ఆధార్, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు, ఫొటో పట్టుకెళ్లండి. మీరు వెళ్లలేకపోతే ఆథరైజేషన్ లెటర్ ఇచ్చి ఇంట్లోవాళ్లను పంపండి. బండి దొంగిలించిందేమోనని, లోన్ ఉందేమోనని కేంద్రం వాళ్లు రికార్డుల్లో సరిచూస్తారు. తూకం మీ ముందే వేయించండి. ట్యాంకులో సగం పెట్రోల్ వదిలి వెళ్లకండి. డబ్బు నగదుగా కాక బ్యాంకు ఖాతాలోకే తీసుకోండి, అప్పుడే లావాదేవీకి రుజువు ఉంటుంది.

తర్వాత మీకు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ వస్తుంది. అన్నింట్లోకీ ముఖ్యమైన కాగితం ఇదే. పన్ను రాయితీ, ఫీజు మాఫీ అన్నీ దీని మీదే. దాని మీద పేరు, ఛాసిస్ నంబరు సరిగ్గా పడ్డాయా, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి అక్కడే నిలబడి చదువుకోండి. మీకు కొత్త బండి అక్కర్లేకపోతే దాన్ని ఎలక్ట్రానిక్‌గా వేరేవాళ్లకు బదిలీ చేసే వీలు కూడా ఉంది. ఇది జారీ అయ్యాక బండి మీది కాదు. మనసు మారినా వెనక్కి రాదు.

తొమ్మిదో మెట్టు: ఇంటికొచ్చాక

పాత కారు ఇన్సూరెన్స్ పాలసీని మర్చిపోకండి. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ ఉంటుంది. అది కారుది కాదు, మీది. కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మీ బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో) వాడుకోవచ్చు. స్క్రాప్ రాయితీల గురించి అందరూ మాట్లాడతారు, ఈ డబ్బు గురించి ఎవరూ చెప్పరు. కొందరి విషయంలో ఇది కంపెనీ డిస్కౌంట్‌తో సమానంగా ఉంటుంది.

కేంద్రంలో బండిలోని ఆయిల్, కూలెంట్, ఏసీ గ్యాస్, బ్యాటరీ తీసేసి, విడగొట్టి, నలిపేశాక మరో సర్టిఫికెట్ వస్తుంది, వాహనం తుక్కయిందని. అది వచ్చేదాకా పని పూర్తయినట్టు కాదు. రెండు మూడు వారాలకోసారి కేంద్రానికి ఫోన్ చేయండి. వచ్చాక పరివాహన్ పోర్టల్‌లోని వాహన్ రికార్డుల్లో మీ పాత నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ రద్దయిందో లేదో చూడండి. ఇంకా యాక్టివ్ అని చూపిస్తుంటే సర్టిఫికెట్ కాపీ పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి, అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. స్క్రీన్ మీద రద్దు అని కనిపించిన రోజు దాన్ని ప్రింట్ తీసి, రెండు సర్టిఫికెట్లతో కలిపి ఫైల్లో పెట్టుకోండి. మా బాబాయి దగ్గర ఆ ఒక్క కాగితం లేకే చలాన్ పట్టుకుని నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు.